సరంగు లేని పడవ: నౌకా పరికరాల కంపెనీ షేరును తూకం వేయడం ఎలా

లంగరు వించీలు, చుక్కాని యంత్రాలు, పంపులు తయారుచేస్తూ ఇరవై ఏళ్లుగా తన పని తాను చేసుకుపోతున్న కంపెనీ ఒకటి ఉందనుకోండి. ఒకరోజు పొద్దున ఎక్స్ఛేంజీకి నాలుగు లైన్ల కబురు పంపుతుంది: మనుషులు లేకుండా నడిచే నౌకాదళ పడవల రంగంలోకి వస్తున్నామని. మధ్యాహ్నానికి షేరు అప్పర్ సర్క్యూట్, అంటే ఆ రోజుకు అనుమతించిన గరిష్ఠ ధర. సాయంత్రానికి విజయవాడ గవర్నర్‌పేటలో, గుంటూరు బ్రాడీపేటలో వాట్సాప్ గ్రూపుల నిండా ఒకటే ప్రశ్న: ఇప్పుడు కొనొచ్చా?

అవుననో కాదనో చెప్పేముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. ఆ పడవలో కంపెనీ సొంతంగా చేసేది ఏది? చేసినదానికి డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది? 2024 జూలైలో నౌకా నిర్మాణ షేర్లు గరిష్ఠాలను తాకి, ఆ తర్వాతి నెలల్లో ఎలా జారాయో అప్పుడు కొన్నవాళ్లకు బాగా గుర్తుంటుంది. యార్డుల్లో పని ఆగలేదు, చేతిలో ఆర్డర్లూ ఉన్నాయి. అయినా ధర పడింది, ఎందుకంటే ఎన్నో ఏళ్ల తర్వాత రావాల్సిన లాభాన్ని కొన్నవాళ్లు ముందే చెల్లించేశారు. రిటైర్మెంటు సొమ్మో, పొలం అమ్మిన సొమ్మో ఇలాంటి షేర్లలో పెట్టేవాళ్లు మన చుట్టూ తక్కువేం లేరు. అందుకే ఈ లెక్కను కాస్త ఓపికగా విప్పి చూడాలి.

పడవలోంచి మనిషి దిగిపోతే

పన్నెండు మీటర్ల పడవను తీసుకుందాం. డీజిల్ ఇంజను వేడెక్కకుండా అడుగు నుంచి సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి. వచ్చిన నీళ్లు ముందు జల్లెడలాంటి స్ట్రెయినరు దాటి, పంపు గుండా హీట్ ఎక్స్ఛేంజరుకు వెళ్తాయి. ఓ పాలిథిన్ సంచో, తెగిన వలదారమో, నాలుగు జెల్లీ చేపలో ఆ స్ట్రెయినరుకు అడ్డం పడ్డాయంటే నీళ్లు తగ్గుతాయి, ఇంజను వేడెక్కుతుంది. నిజాంపట్నం నుంచి వేటకెళ్లే మరపడవలో ఇదొక సమస్యే కాదు. ఇంజను మోత మారగానే సరంగు చెవి పసిగడుతుంది. కళాసీ కిందికి దిగి, వాల్వు కట్టేసి, మూత విప్పి, బుట్ట దులిపి మళ్లీ బిగిస్తాడు. పదినిమిషాల పని.

మనిషి లేని పడవలో అదే పది నిమిషాల పనికి ఏమేం కావాలో చూడండి. ఒక స్ట్రెయినరు బదులు రెండు ఉండాలి. రెంటికీ మోటారుతో తిరిగే వాల్వులు ఉండాలి. స్ట్రెయినరుకు ముందూ వెనకా పీడనంలో తేడా కొలిచే సెన్సారు ఉండాలి. తేడా పెరగగానే నీళ్లను రెండో స్ట్రెయినరుకు మళ్లించే కంట్రోలరు ఉండాలి. రెండోదీ మూసుకుపోతే ఇంజను వేగం తగ్గించి, వెనక్కి తిరిగి, ఒడ్డున ఉన్న ఆపరేటరుకు కబురు పెట్టే తర్కం కూడా ముందే రాసి ఉండాలి. ఇన్ని చేర్చాక కొత్త సమస్యలు మొదలవుతాయి. వాల్వు మోటారు కనెక్టరులోకి ఉప్పునీటి చెమ్మ చేరి పచ్చగా పడుతుంది. సెన్సారు సన్నగొట్టంలో నాచు పట్టి, లేని తేడా ఉన్నట్టు చూపిస్తుంది. అడ్డేమీ లేకపోయినా పడవ సగం దారిలో వెనక్కి తిరుగుతుంది.

డీజిల్ ఫిల్టరుకూ, పడవ అడుగున చేరిన నీటిని తోడే బిల్జి పంపుకూ, ఆల్టర్నేటరు బెల్టుకూ, బ్యాటరీ టెర్మినళ్లకూ ఇదే కథ. ప్రతిచోటా మనిషి చెవి, ముక్కు, చెయ్యి చేసే పనిని ఇనుముతో, వైరుతో చేయించాలి. టీవీ చర్చల్లో మనుషుల్లేని పడవ అనగానే కృత్రిమ మేధ గురించి మాట్లాడతారు. ఆ మేధ ముఖ్యమే. అయితే దారి చూపే సాఫ్ట్‌వేరును కొనుక్కోవచ్చు, లైసెన్సుకు తెచ్చుకోవచ్చు. పది రోజులపాటు ఎవరూ ముట్టుకోకుండా ఉప్పుగాలిలో నడిచే యంత్రాంగం అలా దొరకదు. దాన్ని ఏళ్ల తరబడి వేల గంటలు నడిపి, పాడై, బాగుచేసి నేర్చుకున్నవాళ్లే చేయగలరు. నౌకా పరికరాల కంపెనీకి ఈ రంగంలో నిజంగా చోటున్నది ఇక్కడే అని నా అభిప్రాయం. ఆ కంపెనీ ఈ చోటు వదిలేసి ‘మాది ఏఐ కంపెనీ’ అని ప్రజెంటేషను వేస్తుంటే మాత్రం అనుమానించాలి.

సొంతం ఎంత, కొన్నది ఎంత

నీటిపైన నడిచే పడవ ధరను విడదీస్తే స్థూలంగా ఇవి ఉంటాయి: ఎఫ్ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్)తోనో అల్యూమినియంతోనో చేసిన ఒళ్లు, ఇంజను, నీటిని వెనక్కి చిమ్మి పడవను నెట్టే వాటర్‌జెట్, చుక్కానినీ త్రాటిల్‌నూ కదిపే యాక్చుయేటర్లు, రాడారు, పగలూ రాత్రీ చూసే కెమెరాలు, దిశనూ వేగాన్నీ లెక్కగట్టే ఇనర్షియల్ నావిగేషన్ పరికరం, రేడియో, ఉపగ్రహ సమాచార యూనిటు, వీటన్నిటినీ నడిపే కంప్యూటరు, ఒడ్డునో ఓడలోనో ఉండే కంట్రోలు గది. ఇందులో వించీల కంపెనీ సొంతంగా చేయగలిగేవి యాక్చుయేటర్లు, పంపులు, వాల్వులు, విద్యుత్ ప్యానెళ్లు, మహా అయితే ఒళ్లు. ఖరీదైన సెన్సార్లు చాలావరకు బయటి నుంచి రావాల్సిందే.

దీనివల్ల వచ్చే చిక్కు లాభం దగ్గరే ఆగదు. 2020 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన రక్షణ కొనుగోళ్ల విధానంలో అన్నిటికంటే ముందు వరుసలో ఉన్నది ‘బై ఇండియన్ – ఐడీడీఎం’ కోవ. ఇక్కడే డిజైను చేసి, ఇక్కడే తయారుచేసి, విలువలో కనీసం 50 శాతం దేశీయంగా ఉన్నదానికే అందులో చోటు. సెన్సార్లూ ఇంజనూ వాటర్‌జెట్టూ అన్నీ దిగుమతే అయితే ఆ గీత దాటడం కష్టం. కంపెనీ ‘మా పడవ’ అని చెప్పినప్పుడు అందులో దేశీయ విలువ ఎంత శాతమో అడగండి. ఆ అంకె చెప్పకుండా దాటవేస్తే అదే జవాబు.

ఇదే కంపెనీ వేరే దారిలో చాలా బలంగా ఉండొచ్చు. ఓడ మీద నుంచి ఈ పడవను దించడం, మళ్లీ ఎక్కించడం సంగతి చూడండి. ఏడెనిమిది టన్నుల పడవ, కింద అలలు. సముద్ర స్థితి నాలుగు అంటే అల ఎత్తు 1.25 నుంచి 2.5 మీటర్లు. దించడం ఒక ఎత్తు, ఎక్కించడం మరో ఎత్తు. మామూలు పడవైతే ముందు భాగంలో నిలబడ్డ కళాసీ కొక్కెం అందుకుని తగిలిస్తాడు. ఇక్కడ ఆ మనిషి లేడు. పడవ తనంతట తాను ఓడ పక్కకో, వెనకున్న జారుబల్ల మీదికో రావాలి, పట్టుకునే యంత్రం దాన్ని పట్టుకోవాలి. అల కిందికి జారిన క్షణంలో తాడు సడలి, మళ్లీ ఒక్కసారిగా బిగుసుకుంటే పడవ బరువుకు రెట్టింపు లోడు పడొచ్చు. ఆ కుదుపును మింగే వించీ, తాడును ఎప్పుడూ బిగువుగా ఉంచే హైడ్రాలిక్ వ్యవస్థ, పడవను వేలాడదీసే డేవిట్ చేయి, ఇవన్నీ డెక్ పరికరాల కంపెనీకి పుట్టింటి విద్య.

పడవ ఏ కంపెనీది గెలిచినా దించి ఎక్కించే యంత్రం ఏ ఓడకైనా కావాలి. పైగా ఓడ పాతికేళ్లు నడుస్తుంది. అన్నేళ్లూ సీళ్లు, తాళ్లు, బ్రేకు లైనింగులు మారుస్తూనే ఉండాలి. పోస్టరు మీద బొమ్మకు పనికిరాని ఈ వ్యాపారంలోనే మార్జిను నిలబడుతుంది. ఒక పరికరాల కంపెనీ ‘సొంత డ్రోన్ పడవ’ తెస్తున్నానంటే కొంచెం వెనక్కి తగ్గి చూస్తాను. ‘అందరి డ్రోన్ పడవలకూ దించి ఎక్కించే యంత్రం, యాక్చుయేటర్లు ఇస్తా’నంటే కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

నీటి అడుగున లెక్క వేరు

మునిగి నడిచే వాహనాల్లోకి దిగుతానంటే కష్టం ఒక్కసారిగా పెరుగుతుంది. పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 కిలోలు. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న మూత మీద పడే మొత్తం బరువు తొమ్మిది టన్నుల పైమాట. ఆటోనగర్‌లో లోడెక్కిన ఆరు చక్రాల లారీ మోసే సరుకంత బరువును ఒక మూత, దాని కింద రబ్బరు ఓ-రింగు కాచుకోవాలి. బిగించేటప్పుడు ఆ రింగు మీద ఒక్క వెంట్రుక పడ్డా, గాడిలో గోటితో గీసినంత గీత ఉన్నా నీళ్లు దారి వెతుక్కుంటాయి. లోపల లిథియం బ్యాటరీ ఉంటే ఉప్పునీళ్లు తగలడమంటే వాహనం పోవడమే.

ఇంకో చిన్న సంగతి, తెలియనివాళ్లు చాలా తేలిగ్గా పడే గొయ్యి. మంచినీటి సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోలు, సముద్రపు నీటిది సుమారు 1025. ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలోనో, ఫ్యాక్టరీలో నీళ్ల ట్యాంకులోనో సరిగ్గా తూగేలా బరువులు సర్దిన ఒక టన్ను వాహనాన్ని మచిలీపట్నం దగ్గర సముద్రంలో దించితే, దాన్ని పైకి నెట్టే బలం దాదాపు 25 కిలోలు ఎక్కువవుతుంది. అది మునగడానికే మొరాయిస్తుంది. నదీముఖం దగ్గరైతే ఉప్పదనం గంటగంటకూ మారుతుంది. అందుకే ట్యాంకులో తీసిన డెమో వీడియో చూసి సముద్రంలో పనిచేస్తుందని అనుకోకూడదు.

నీళ్లలోకి రేడియో తరంగాలు దాదాపు దూరవు. జీపీఎస్ అందదు. మాట్లాడాలంటే శబ్దమే దిక్కు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు వెళ్తుంది. మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న వాహనాన్ని ఒక మాట అడిగితే జవాబు రావడానికి కనీసం నాలుగు సెకన్లు. పంపగలిగే సమాచారం కూడా చాలా తక్కువ, వీడియో అన్న మాటే లేదు. తాను ఎక్కడున్నదీ వాహనం తనంతట తానే లెక్కగట్టుకుంటూ పోవాలి. ఆ లెక్కలో తప్పు నడిచిన దూరంలో 0.3 శాతం అనుకున్నా, 20 కిలోమీటర్లు వెళ్లేసరికి 60 మీటర్లు పక్కకు ఉంటుంది. మందుపాతర వెతికే పనిలో 60 మీటర్లంటే వెతకనట్టే.

ఈ విద్య మన రాష్ట్రానికి కొత్తేం కాదు. విశాఖలో 1969లో మొదలైన డీఆర్‌డీఓ ప్రయోగశాల ఎన్ఎస్‌టీఎల్ టార్పెడోల మీద, మునిగి నడిచే వాహనాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. నమూనాలను లాగి పరీక్షించే 500 మీటర్ల పొడవైన నీటి ట్యాంకు అక్కడుంది. మందుపాతరలు గుర్తించేందుకు మనిషి మోసుకెళ్లగలిగినంత చిన్న వాహనాలను తయారుచేసినట్టు 2025 నవంబరులో డీఆర్‌డీఓ ప్రకటించింది. పరికరాల కంపెనీ ఇలాంటి ప్రయోగశాల నుంచి సాంకేతికత తీసుకుని తయారీ భాగస్వామిగా ఉంటే డిజైను గండం సగం తగ్గుతుంది. అదే సాంకేతికతను మరో ఇద్దరు ముగ్గురు కూడా తీసుకున్నారా అన్నది మాత్రం చూసుకోవాలి, ఎందుకంటే టెండరులో వాళ్లే పోటీ.

పరీక్ష ఏ నెలలో జరిగింది?

పడవ కళ్ల సంగతి కూడా ఒక మాట. పెద్ద ఓడలు తామెక్కడున్నదీ ఏఐఎస్ అనే పరికరంతో ప్రసారం చేస్తాయి. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నుల పైబడిన ఓడలకు అది తప్పనిసరి. మన తీరంలో తిరిగే చిన్న మోటారు పడవలకూ తెప్పలకూ ఆ నియమం లేదు. ఎఫ్ఆర్‌పీ పడవ రాడారులో సరిగా కనబడదు. అల తలలు కూడా రాడారులో చుక్కల్లాగే కనిపిస్తాయి, వాటి మధ్య ఆ చిన్న పడవ కలిసిపోతుంది. నీళ్ల మీద తేలే వల బెండ్లను రాడారు దాదాపు చూడలేదు. వాటర్‌జెట్‌లోకి వల చుట్టుకుంటే పడవ అక్కడే ఆగిపోతుంది, దూకి కోసే మనిషి లేడు.

చేపల వేటపడవలకు లక్ష ట్రాన్స్‌పాండర్లు బిగించే కార్యక్రమాన్ని కేంద్రం 2024 ఆగస్టులో మొదలుపెట్టింది. అది ముందుకు సాగేకొద్దీ ఈ చిక్కు కొంత సడలుతుంది. అయినా తూర్పు తీరంలో పరీక్ష చేశామని కంపెనీ చెబితే తేదీ చూడండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో సముద్రం ఖాళీ. ఢీకొనకుండా తప్పించుకునే సాఫ్ట్‌వేరు అప్పుడు బాగానే పాసవుతుంది. డిసెంబరులో, వేట జోరుగా ఉన్నప్పుడు, రాత్రిపూట చేసిన పరీక్షకూ దీనికీ పోలికే లేదు.

ఏఓఎన్ అంటే ఆర్డరు కాదు

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతుకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. వ్యాపారి వచ్చి సంచి కోసి కాయ చూడటం ఒకటి. ధర చెప్పడం ఇంకొకటి. కాటా వేయడం మరొకటి. తక్‌పట్టీ చేతికి రావడం, ఆ తర్వాత డబ్బు రావడం వేరే. కాయ చూసి ‘బాగుంది’ అన్నంత మాత్రాన ఏ రైతూ ఇంట్లో ఖర్చు మొదలుపెట్టడు. రక్షణ షేర్లు కొనేవాళ్లు మాత్రం సంచి కోసిన చోటే డబ్బు లెక్కపెట్టేస్తున్నారు.

నౌకాదళం కొనుగోలు నడిచే దారి ఇది. ముందు అవసరాన్ని రాసుకుంటారు. రక్షణ కొనుగోళ్ల మండలి, అంటే డీఏసీ, ‘ఇది అవసరమే’ అని ఒప్పుకుంటుంది. దాన్నే ఏఓఎన్ అంటారు. తర్వాత ఆర్‌ఎఫ్‌పీ, అంటే టెండరు పత్రం. కంపెనీలు సాంకేతిక వివరాలు ఇస్తాయి, కమిటీ మదింపు చేస్తుంది. ఆపైన పరీక్షలు. ఇవి చాలావరకు ఖర్చు కంపెనీదే, కొంటామన్న హామీ లేదు అనే షరతు మీద జరుగుతాయి. నెగ్గినవాళ్ల ధరలు తెరుస్తారు, బేరసారాల కమిటీ కూర్చుంటుంది, ఆర్థిక అనుమతి వస్తుంది, అప్పుడు ఒప్పందం. 2025 జూలై 3న డీఏసీ సుమారు రూ.1.05 లక్షల కోట్ల విలువైన పది ప్రతిపాదనలకు ఏఓఎన్ ఇచ్చింది. అందులో మందుపాతరల్ని ఏరే నౌకలతో పాటు నీటమునిగి తనంతట తాను నడిచే వాహనాలూ ఉన్నాయి. ఆ వార్త మంచిదే, అవసరం ఉందని చెబుతోంది. అయితే ఆ అంకెలో ఒక్క రూపాయి కూడా ఆ రోజు ఏ కంపెనీ ఆర్డరు బుక్కులోకీ చేరలేదు.

కాలం ఎంత పడుతుందో మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోను 2016లో నౌకాదళానికి అప్పగించారు. దాన్ని తయారుచేసే భారత్ డైనమిక్స్‌తో రూ.1,187.82 కోట్ల ఒప్పందం 2019 జూన్‌లో కుదిరింది. సరఫరాకు గడువు 42 నెలలు. అప్పటికే రుజువైన ఆయుధం, ప్రభుత్వ ప్రయోగశాల డిజైను, ప్రభుత్వ రంగ తయారీదారు. అయినా అప్పగింత నుంచి ఒప్పందానికి మూడేళ్లు, ఆపైన మూడున్నరేళ్లు. ఒప్పందం అంకెను నెలలతో భాగిస్తే నెలకు రూ.28 కోట్లు. హెడ్డింగులో వెయ్యి కోట్లు కనిపించినప్పుడు ఇలా భాగించి చూసే అలవాటు ఒక్కటే చాలా నష్టాన్ని ఆపుతుంది.

ఐడెక్స్ గురించి కూడా. రక్షణ రంగంలో కొత్త ఆవిష్కరణల కోసం 2018లో మొదలైన ఈ ప్రభుత్వ పథకంలో చిన్న కంపెనీలకు మామూలు పోటీల్లో రూ.1.5 కోట్ల దాకా, ఐడెక్స్ ప్రైమ్‌లో రూ.10 కోట్ల దాకా, 2024లో వచ్చిన అదితిలో రూ.25 కోట్ల దాకా సాయం అందుతుంది. దశలవారీగా వస్తుంది, కంపెనీ కూడా తన వాటా పెట్టాలి. ‘ఐడెక్స్ విజేత’ అంటే నమూనా చేయడానికి ఎంపికైందని అర్థం. అది గౌరవమే, అమ్మకం మాత్రం కాదు.

ముప్పై కోట్ల ఆర్డరు కడుపులో

ఊహించుకున్న లెక్కే, అంకెలు మాత్రం ఈ వ్యాపారం నడిచే తీరులోనే పెడదాం. ఏడాదికి రూ.120 కోట్ల అమ్మకాలున్న పరికరాల కంపెనీ. ఆరు మానవరహిత పడవలకు రూ.30 కోట్ల ఆర్డరు వచ్చింది, 24 నెలల్లో ఇవ్వాలి. అనుకున్న ఖర్చు రూ.25 కోట్లు, మిగిలేది అయిదు కోట్లు.

అడ్వాన్సు 15 శాతం, నాలుగున్నర కోట్లు. నౌకాదళం అది ఇవ్వాలంటే కంపెనీ అంతే మొత్తానికి బ్యాంకు గ్యారంటీ చూపాలి. గ్యారంటీకి బ్యాంకు పాతిక శాతం మార్జిను అడిగితే రూ.1.1 కోట్లు ఎఫ్‌డీలో ఇరుక్కుంటాయి. చేతిలో మిగిలింది రూ.3.4 కోట్లు. ఇంజన్లు, జెట్లు, రాడార్లు, నావిగేషన్ యూనిట్లు నాలుగో నెలకే ఆర్డరు పెట్టాలి, విదేశీ అమ్మకందారు ఎల్‌సీ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) లేనిదే సరుకు కదపడు. పన్నెండో నెలకు మొత్తం రూ.17 కోట్లు ఖర్చయ్యాయనుకుంటే, వచ్చిన రూ.3.4 కోట్లు పోను రూ.13.6 కోట్లు కంపెనీదో బ్యాంకుదో అయి ఉండాలి.

ఇప్పుడు పరీక్షలు ఎనిమిది నెలలు ఆలస్యమయ్యాయి. కారణం చాలా చిన్నదై ఉండొచ్చు: కనెక్టర్లు మార్చాలి, మళ్లీ తీసుకెళ్లాలి, ఈలోపు ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు వచ్చి సముద్రం అనుకూలించలేదు. 11 శాతం వడ్డీకి రూ.13.6 కోట్ల మీద ఎనిమిది నెలలకు దాదాపు కోటి రూపాయలు. ఆలస్యానికి జరిమానా వారానికి అర శాతం, గరిష్ఠంగా 10 శాతం అన్నది టెండర్లలో తరచూ కనిపించే షరతు. ఇరవై వారాలకే గరిష్ఠం చేరుతుంది. మొత్తం సరుకుకూ అది పడితే మూడు కోట్లు. అయిదు కోట్ల లాభంలో నాలుగు కోట్లు ఇలా కరిగిపోయాయి, డిజైనులో పెద్ద తప్పేమీ లేకుండానే.

ఇదే కంపెనీ మార్కెట్ విలువ ఆ ఆర్డరు వార్తతో రూ.900 కోట్ల నుంచి రూ.1,300 కోట్లకు పెరిగిందనుకోండి. పెరిగిన రూ.400 కోట్లు న్యాయమైనవి కావాలంటే, 25 రెట్ల పీఈ (కంపెనీ విలువ ఏడాది లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) లెక్కన, కొత్త వ్యాపారం ఏటా రూ.16 కోట్ల నికర లాభం తేవాలి. అన్నీ సవ్యంగా జరిగితే ఆ అయిదు కోట్లలో పన్ను పోను మిగిలేది రూ.3.75 కోట్లు, అంటే అమ్మకాల్లో 12.5 శాతం. అదే మార్జినుతో రూ.16 కోట్లు రావాలంటే కొత్త వ్యాపారం ఒక్కటే ఏటా రూ.128 కోట్లు అమ్మాలి. కంపెనీ ఇరవై ఏళ్లు కష్టపడి చేరిన మొత్తం అమ్మకాలు రూ.120 కోట్లు. వాట్సాప్‌లో వచ్చిన వార్తను ఏ కంపెనీకైనా ఇలా అయిదు నిమిషాల్లో కాగితం మీద పెట్టి చూడొచ్చు.

బయటి దేశాల్లో రెండు అనుభవాలు

నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్ మారిటైమ్ 2007 చివర్లో అమెరికాకు చెందిన హైడ్రాయిడ్‌ను 8 కోట్ల డాలర్లకు కొంది. ఇది రెమస్ అనే మునిగి నడిచే వాహనాలు చేసే కంపెనీ. ఆ వాహనాలు అప్పటికే 2003లో ఇరాక్‌లోని ఉమ్ కసర్ రేవులో మందుపాతరల వేటలో పనిచేసి చూపించాయి. 2020లో అదే హైడ్రాయిడ్‌ను అమెరికా నౌకా నిర్మాణ సంస్థ హంటింగ్టన్ ఇంగాల్స్ 35 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. పన్నెండేళ్లలో నాలుగు రెట్లకు పైగా. వినడానికి గొప్పగా ఉంది, మధ్యలో పెట్టిన పెట్టుబడిని పక్కన పెట్టి చక్రవడ్డీ లెక్కన చూస్తే ఏటా దాదాపు 13 శాతం. రంగంలో దాదాపు అందరికంటే ముందున్న, యుద్ధంలో రుజువైన కంపెనీకి వచ్చిన ఫలితం ఇది. మన దగ్గర ఒక వారంలో 40 శాతం పెరిగిన షేరు ఏం ఆశ పెడుతోందో దీనితో పోల్చుకోవచ్చు.

రెండోది ఓర్కా. అమెరికా నౌకాదళం 2019లో అయిదు భారీ మానవరహిత జలాంతర్గాములను బోయింగ్‌కు సుమారు 27.4 కోట్ల డాలర్లకు అప్పగించింది. అదే తరహా నమూనా బోయింగ్ దగ్గర అప్పటికే ఉంది. 2022లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ లెక్క తీస్తే పని కనీసం మూడేళ్లు ఆలస్యం, ఖర్చు మొత్తం కార్యక్రమం తొలి అంచనాకు మించి కనీసం 24.2 కోట్ల డాలర్లు, అంటే 64 శాతం ఎక్కువ. నమూనా ఉంది కదా అని తయారీకి సిద్ధంగా ఉన్నారో లేదో ముందే రుజువు చేయమని నౌకాదళం అడగలేదని ఆ సంస్థ తప్పుపట్టింది. మొదటి వాహనం 2023 డిసెంబరులో చేరింది. బోయింగ్ అంతటి సంస్థ ఆ దెబ్బ తట్టుకుంది. రూ.120 కోట్ల కంపెనీకి అలాంటి ఆలస్యం ఒక్కటి తగిలితే రైట్స్ ఇష్యూనో (ఉన్న వాటాదారులకే కొత్త షేర్లు అమ్మి డబ్బు తేవడం), ప్రమోటరు షేర్ల తాకట్టో తప్పదు.

వార్షిక నివేదికలో వేలు పెట్టాల్సిన చోట్లు

ముందు పేజీల్లో పడవ ఫొటోలు వదిలేసి, వెనకున్న నోట్లకు వెళ్లండి. రావాల్సిన బాకీల వయసు పట్టిక ఉంటుంది: ఆరు నెలల లోపు, ఏడాది లోపు, రెండేళ్లు, మూడేళ్లు, ఆపైన. ప్రభుత్వ బాకీ మునగదు, నిజమే. కానీ రెండేళ్లు దాటిన గడిలో ఏటేటా అంకె పెరుగుతుంటే పరీక్షల్లోనో, అంగీకార పత్రంలోనో ఏదో ఇరుక్కుందని అర్థం. దాని పక్కనే ‘బిల్లు వేయని ఆదాయం’ చూడండి. పని అయిందని కంపెనీ అనుకుంటోంది, కొన్నవాడు ఇంకా ఒప్పుకోలేదు. అమ్మకాలు 20 శాతం పెరిగి, ఇది 80 శాతం పెరిగితే ఆ ఏడాది లాభం కాగితం మీదే ఉంది.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది ‘అభివృద్ధిలో ఉన్న కనిపించని ఆస్తులు’ అనే నోటు దగ్గర. కొత్త పడవ డిజైనుకు ఇంజనీర్ల జీతాలు, పరీక్షల ఖర్చు కంపెనీ ఇక్కడ ఆస్తిగా పేర్చుకోవచ్చు. అలా పేర్చినంత కాలం లాభంలోంచి తగ్గదు. ఆ ప్రాజెక్టు గడువు దాటినా, అంచనా ఖర్చు దాటినా ఎప్పటికి పూర్తవుతుందో విడిగా చూపాలన్న నిబంధన 2021–22 నుంచి ఉంది. చాలామంది ఆ చిన్న పట్టికను తిప్పేస్తారు. మూడేళ్లుగా అదే ప్రాజెక్టు అక్కడే కూర్చుని ఉంటే, ఏదో ఒక ఏడాది మొత్తం ఒకేసారి నష్టంగా రాసేయాల్సి వస్తుంది.

బ్యాంకు గ్యారంటీల మొత్తం కంటింజెంట్ లయబిలిటీల (ముందుముందు మీద పడే అవకాశమున్న బాధ్యతల) నోటులో దొరుకుతుంది. దాన్ని నెట్‌వర్త్‌తో, అంటే ఆస్తుల్లోంచి అప్పులు పోను మిగిలేదానితో పోల్చండి. పరిమితి అయిపోతే తర్వాతి టెండరుకు గ్యారంటీ ఇవ్వడానికే చోటుండదు, ఆర్డరు చేతికొచ్చి కూడా జారిపోతుంది. రేటింగ్ ఏజెన్సీల నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. వర్కింగ్ క్యాపిటల్ పరిమితిలో సగటున ఎంత వాడుతున్నారో అందులో రాస్తారు. 90 శాతం పైన ఉంటే కొత్త రంగంలోకి దిగడానికి ఊపిరి లేనట్టే. చిన్న కంపెనీల కోసం ఉన్న ఎస్‌ఎంఈ బోర్డులో లిస్టయిన కంపెనీ అయితే ఫలితాలు ఆరు నెలలకోసారే వస్తాయి, కాబట్టి కప్పిపుచ్చుకునే కాలం కూడా అంత ఎక్కువ.

వార్షిక సమావేశాలు సెప్టెంబరు 30 లోపు జరగాలి. ఒక్క షేరున్నా ప్రశ్న అడిగే హక్కుంది, ఆన్‌లైన్ సమావేశమైతే మాట్లాడేందుకు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు నోటీసులో ఉంటుంది. ‘భవిష్యత్తు ఎలా ఉంది’ అని అడిగితే ఛైర్మన్ పావుగంట మాట్లాడతారు, ఏమీ తెలియదు. వీటిని అడగండి: ఈ పడవలో మీ ఫ్యాక్టరీలో తయారయ్యే విలువ ఎంత శాతం? మనిషి ముట్టుకోకుండా ఒకేసారి అత్యధికంగా ఎన్ని గంటలు సముద్రంలో నడిచింది, ఏ నెలలో, ఏ కారణంతో ఆగింది? దించి ఎక్కించే యంత్రాల అమ్మకాలు, విడిభాగాల అమ్మకాలు విడివిడిగా ఎంత? అడ్వాన్సు పోను ఈ ఆర్డరులో మీ డబ్బు గరిష్ఠంగా ఎంత ఇరుక్కుంటుంది, ఏ నెలలో? చేతిలో పని ఉన్న ఇంజనీరు రెండో ప్రశ్నకు కాగితం చూడకుండా జవాబు చెబుతాడు, ఆగిన కారణంతో సహా.